ఇన్సూరెన్స్ ఉంది సరే, ఎంతకి ఉంది?

పోయిన నెల విశాఖపట్నం వెళ్ళాను. ఎంవీపీ కాలనీలో మా నాన్నగారింట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. మా చెల్లెలి కూతురు ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో డాలస్ వస్తోంది. కుక్కర్ ఎన్ని లీటర్లది కొనాలి, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలి, కళ్ళజోళ్ళు రెండు చేయించాలా మూడు చేయించాలా అన్న మాటలన్నీ అయ్యాయి. అప్పుడు తను అడిగింది.

"మావయ్యా, అక్కడ నలుగురం కలిసి ఒక పాత కారు కొనుక్కుందామనుకుంటున్నాం. ఇన్సూరెన్స్ అన్నిటికంటే తక్కువది చూసి కట్టేస్తాం. పోలీసు ఆపితే చూపించడానికి ఒకటి ఉంటే చాలు కదా?"

పక్కనున్న మా బావ, "మొన్నే వెళ్ళిన మా కొలీగ్ వాళ్ళబ్బాయి కూడా అదే చెప్పాడు, మినిమమ్ చాలంట" అన్నారు.

నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఎందుకంటే నేను అమెరికా వెళ్ళిన కొత్తలో సరిగ్గా ఇదే మాట అనుకున్నాను. నాకూ మనవాళ్ళే చెప్పారు, మినిమమ్ చాలని.

2013 నవంబరులో ఒక సాయంత్రం, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ సిగ్నల్ దగ్గర లెఫ్ట్ తిరిగాను. ఎదురుగా వస్తున్న పికప్ ట్రక్కు ఎంత దూరంలో ఉందో అంచనా తప్పింది. దాన్ని గుద్దాను. అది పక్కకి జరిగి, సిగ్నల్ కోసం ఆగి ఉన్న ఇంకో కారుని గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తప్పు నాదే. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట, "నీకేం కాలేదు కదా?" రెండో మాట, "ఇన్సూరెన్స్ ఉంది కదరా?"

"ఉంది నాన్నా" అన్నాను. ఆయన నిశ్చింతగా ఫోన్ పెట్టేశారు. నేనూ నిశ్చింతగా పడుకున్నాను.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. ఆ రెండు బళ్ళకీ అయిన నష్టం 38 వేల డాలర్లు. నా పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి ఉన్నది 25 వేలు. మిగిలిన 13 వేలు నన్ను కట్టమన్నారు. నా కారు సంగతి వేరే చెప్పక్కర్లేదు. గుద్దుకున్నప్పుడు మన కారుకి అయ్యే నష్టానికి ఇచ్చే కొలిజన్ కట్టలేదు కాబట్టి పాత ఇనుము కింద పోయింది. ఆ 13 వేలూ వాయిదాల్లో తీర్చడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా విశాఖ రాలేకపోయాను.

మరుసటి ఏడాది, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ ఆదివారం తర్వాత ఇంటికి ఫోన్ కలవక పడ్డ టెన్షన్ విశాఖలో కన్నవాళ్ళున్న ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది. మూడో రోజుకి లైను కలిసింది. అందరూ క్షేమం. ఇంటి ముందున్న తురాయి చెట్టు మాత్రం కూకటివేళ్ళతో లేచి నాన్న మారుతీ మీద పడిందట. ఈసారి ఆ మాట నేనడిగాను. "ఇన్సూరెన్స్ ఉంది కదా నాన్నా?"

"ఉందిరా" అన్నారు నాన్న.

ఉన్నది థర్డ్ పార్టీ. కారు పాతదైపోయింది, ఎందుకులే ఎక్కువ కట్టడం అని, మన బండికి అయ్యే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ తీయించేశారు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి ఇచ్చేది. మన బండి మీద చెట్టు పడితే అందులోంచి పైసా రాదు. ఆ వీధిలోనే ఫుల్ ఇన్సూరెన్స్ కట్టినవాళ్ళకి సర్వేయర్ వచ్చి చూసుకుని వెళ్ళాడు, డబ్బు వచ్చింది. మా కారు దగ్గరికి ఎవరూ రాలేదు.

నేనూ "ఉంది" అన్నాను, ఆయనా "ఉంది" అన్నారు. ఇద్దరం నిజమే చెప్పాం. ఎంతకి ఉంది, దేనికి ఉంది అని మాత్రం ఇద్దరం అడగలేదు.

మనకి ఆ ప్రశ్న అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మన బండి వల్ల ఎవరైనా చనిపోయినా, గాయపడినా, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత ఇవ్వమంటే అంత ఇన్సూరెన్స్ కంపెనీయే ఇవ్వాలి. చట్టం దానికి పైపరిమితి పెట్టలేదు. ఆస్తి నష్టానికి మాత్రం కారు విషయంలో ఏడున్నర లక్షల హద్దు ఉంది. ప్రీమియం కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి నుంచి 1500 సీసీ దాకా 3,416. ఎవరి దగ్గర కట్టినా అంతే. అంటే గాయపడ్డ మనిషికి ఎంతవరకు ఇవ్వాలన్న లెక్క మన చేతిలో పెట్టలేదు. అందుకే మనం కాగితం ఉందా లేదా అన్నది చూసుకుంటాం, అంకె చూసుకోం. మద్దిలపాలెంలో ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే కాబట్టి అది అందుకోసమే అనిపిస్తుంది.

అమెరికాలో ఆ అంకె మనమే ఎంచుకోవాలి. నా ఫోన్‌లో నా పాలసీలో దేనికి ఎంతో రాసి ఉండే డిక్లరేషన్స్ పేజీ తెరిచి మా మేనకోడలి ముందు పెట్టాను. టెక్సాస్ చట్టం అడిగే కనీసం 30/60/25. ఒక మనిషికి గాయమైతే 30 వేల డాలర్ల దాకా, ఒక యాక్సిడెంట్‌లో ఎంతమందికి గాయాలైనా అందరికీ కలిపి 60 వేల దాకా, ఆస్తి నష్టానికి 25 వేల దాకా. ఆ పైన అయ్యేదంతా మన బాధ్యత. తను సెల్‌ఫోన్‌లో ఆ 30 వేలని రూపాయల్లోకి మార్చి చూసుకుని, "పాతిక లక్షల పైనే కదా మావయ్యా, చాలా ఎక్కువే" అంది. రూపాయల్లో చూస్తే ఎక్కువే. అంబులెన్సు, ఎమర్జెన్సీ రూము, ఒక సర్జరీ, నాలుగు రోజులు ఆసుపత్రి అంటే అక్కడ అది ఏ మూలకీ రాదు.

"మా దగ్గర ఏముంది వాళ్ళు తీసుకోవడానికి, స్టూడెంట్స్‌మి కదా" అని చాలామంది పిల్లలు అంటారు. కోర్టు తీర్పిచ్చాక ఆ డబ్బు కట్టకపోతే టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సే సస్పెండ్ చేయొచ్చు. చదువయ్యాక ఉద్యోగం వచ్చేది ఆ పిల్లలకే, అప్పుడూ ఆ తీర్పు వెంటే ఉంటుంది. కానీ నాకు అంతకంటే పెద్ద మాట ఒకటుంది. మన తప్పు వల్ల ఒక మనిషి కాలు విరిగిందనుకోండి. ఆ మనిషికి వైద్యం పూర్తిగా జరగాలా వద్దా? మన దగ్గర చట్టం పరిమితి పెట్టనిది ఆ మనిషి కోసమే. అక్కడ ఆ మనిషి గురించి ఆలోచించాల్సిన బాధ్యత మన మీద పడింది. 30 వేలు చాలు అని మనం టిక్ పెడుతున్నప్పుడు తేల్చేస్తున్నది అవతలి మనిషి సంగతి కూడా.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 100/300/100కి తక్కువ ఎవరూ తీసుకోకూడదు. కవరేజీ మూడు నుంచి అయిదు రెట్లయితే ప్రీమియం కూడా అన్ని రెట్లవుతుందని భయపడతారు. అవదు. మినిమమ్‌కి ఎంతో, దానికి ఎంతో రెండూ అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు తగ్గించుకోవాలంటే డిడక్టిబుల్, అంటే మన కారు రిపేరులో ముందు మనం పెట్టుకునే వాటా, 500 డాలర్ల నుంచి వెయ్యికి పెంచుకోండి. చిన్న సొట్టలు మన జేబులోంచి బాగుచేయించుకోవచ్చు. పెద్ద నష్టం మనం మోయలేం, అది ఇన్సూరెన్స్ మొయ్యాలి.

మాటల గొడవ ఇంకొకటి ఉంది. మా బావ మధ్యలో, "బంపర్ టు బంపర్ కట్టెయ్యమ్మా, గొడవ వదిలిపోద్ది" అన్నారు. విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే పాలసీ అని ఇక్కడ ఆ మాటకి అర్థం ఉంది, అక్కడ లేదు. కాంప్రహెన్సివ్ అన్న మాట రెండు చోట్లా ఉంది, ఉన్నందుకే ఎక్కువ మోసపోతాం. విశాఖలో కాంప్రహెన్సివ్ అంటే థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిపి. అమెరికాలో కాంప్రహెన్సివ్ అంటే దొంగతనం, నిప్పు, వడగళ్ళు, చెట్టు విరిగిపడటం, జింక అడ్డం రావడం లాంటివి మాత్రమే. మనం వెళ్ళి ఇంకో కారుని గుద్దితే మన కారు బాగుచేయడానికి కొలిజన్ విడిగా కట్టాలి. కాంప్రహెన్సివ్ ఉంది కదా అని కొలిజన్ వద్దనుకున్నవాళ్ళని నేనెరుగుదును.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయంగా వదిలేసేది అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీని. తప్పు అవతలివాడిదై, వాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, మన పాలసీ మనకి ఇచ్చేది ఇది. టెక్సాస్‌లో దీన్నీ, మన వైద్యానికి పనికొచ్చే పిప్ అనేదాన్నీ కంపెనీ తప్పకుండా ఇవ్వజూపాలి. వద్దంటే మనం రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్‌లో గబగబా నొక్కేసే బటన్లలో ఆ "వద్దు" కూడా ఒకటి. చాలామందికి తాము వద్దన్నట్టే తెలియదు. ఎదుటివాడు కూడా మనలాగే మినిమమ్ కట్టి తిరుగుతుంటే మన పిల్లల్ని కాపాడేది ఇదొక్కటే.

నలుగురూ కలిసి కారు కొనడం గురించి కూడా చెప్పాలి. కారు ఒకరి పేరు మీద ఉంటుంది, పాలసీ వాళ్ళ పేరు మీదే తీస్తారు, నడిపేది నలుగురూ. ఒకే ఇంట్లో ఉంటూ ఆ కారు నడిపేవాళ్ళందరి పేర్లూ కంపెనీకి చెప్పాలి. చెబితే ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే, క్లెయిమ్ రోజున కంపెనీ మొదట చూసేది అదే. డబ్బు రాకపోవచ్చు. సెలవులకి వచ్చిన అమ్మానాన్నలకి కారు తాళం ఇచ్చే ముందు కూడా కంపెనీని అడగాలి.

ప్రీమియం చూసి మొదట్లో అందరూ హడలిపోతారు. విశాఖలో పదేళ్ళు కారు నడిపి, ఒక్క క్లెయిమ్ లేకుండా 50 శాతం నో క్లెయిమ్ బోనస్ సంపాదించుకున్న మనిషిని కూడా చాలా కంపెనీలు కొత్త డ్రైవరు కింద లెక్కేస్తాయి. దానికి తోడు చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ చరిత్ర కూడా చూస్తారు. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయిలో అలా చూడనివ్వరు. ఇది బాధ కలిగించే విషయమే. ఆ బాధలో కవరేజీ తగ్గించేసుకోకండి, ఆర్నెల్లకోసారి వేరే కంపెనీల్లో రేటు కనుక్కోండి.

ఇంకో దేశం వెళ్ళే పిల్లలకి లెక్క మళ్ళీ మారుతుంది. బ్రిటన్‌లో మనుషుల గాయాలకి మన దగ్గరలాగే పరిమితి లేదు. ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్‌తో పాటు తప్పనిసరిగా కట్టేది మనుషుల గాయాలకి మాత్రమే, ఎదుటి కారు నష్టానికి విడిగా తీసుకోవాలి. కెనడాలో ఒంటారియో కనీసమే రెండు లక్షల డాలర్లు.

అమెరికాలోని మన తెలుగు సంఘానికి నా విన్నపం. ఉగాదికీ సంక్రాంతికీ మనం హాలు తీసుకుని ఎంతో శ్రద్ధగా కార్యక్రమాలు చేసుకుంటాం. ప్రతి ఆగస్టులో కొత్తగా వచ్చిన పిల్లలకి భోజనం పెట్టి, పరుపులు, గిన్నెలు సర్దిపెడతాం. అదే రోజు ఒక గంట పాలసీ కాగితం చదవడం నేర్పుదాం. అమ్మేవాళ్ళు కాకుండా, యాక్సిడెంట్ అయి దెబ్బతిని నేర్చుకున్న సభ్యులు చెప్పాలి. నేను వస్తాను, నాకు వచ్చిన ఆ ఉత్తరం ఇంకా దాచుకున్నాను, తెచ్చి చూపిస్తాను. "మినిమమ్ చాలు" అన్న సలహా పిల్లలకి ఎక్కడినుంచో రావడం లేదు, మన నోటి నుంచే వెళ్తోంది. దాన్ని మనమే ఆపాలి.

విశాఖలో ఉన్న తల్లిదండ్రులకీ ఒక మాట. కొత్త కారు కొనగానే మనం సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్తాం, పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెస్తాం. పిల్లలు అక్కడ కారు కొన్నామని ఫొటో పంపితే ఇక్కడ కొబ్బరికాయ కొడతాం. ఆ రోజే ఫోన్‌లో ఆ మూడు అంకెలూ అడగండి. చెప్పలేకపోతే కాగితం తీసి చదివి చెప్పమనండి.

ఆ మధ్యాహ్నం ఇదంతా వింటూ కూర్చున్న నాన్న లేచి బీరువా దగ్గరికి వెళ్ళారు. గ్యాస్ పుస్తకం, ఇంటి పన్ను రసీదులు పెట్టుకునే ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి ఇప్పటి కారు పాలసీ తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు సర్దుకుని, "ఇందులో చెట్టు పడితే వస్తుందా, చూడు" అన్నారు. ఓన్ డ్యామేజ్ కింద తుఫాను, వరద ఉన్న వరస చూపించాను. పెన్సిలుతో దాని పక్కన టిక్ పెట్టుకుని, మిగతా పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.

మా మేనకోడలు అప్పటికే రూమ్మేట్లకి వాయిస్ మెసేజ్ పెడుతోంది. "ఒసేయ్, వంద, మూడొందలు, వందకి ఎంతవుద్దో కనుక్కోండే. నలుగురి పేర్లూ పెట్టి అడగండి."