మెద్వేద్‌లో వేదం లేదు

రష్యన్ వేట మాటలన్నీ సంస్కృతం నుంచే వెళ్లాయంటూ ఒక సందేశం ఫోన్లలో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. మెద్వేద్ (ఎలుగుబంటి) అంటే ‘మధువేది’, తేనె జాడ ఎరిగినదట. అఖోత (వేట) మన ‘ఆఖేటం’. సబాక (కుక్క) మన ‘శ్వకం’.

మెద్వేద్ సంగతి చూద్దాం. ‘మెద్’ తేనే, మన మధువుకు చుట్టమే. తప్పంతా రెండో సగంలో ఉంది. అక్కడున్నది ఎరగడం కాదు, తినడం. సంస్కృతంలోని ‘అద్’ ధాతువుకు తోబుట్టువు. మరి ‘వ’ ఎక్కడిది? బడిలో వల్లెవేసిన యణాదేశ సంధి గుర్తుందా? మను + అంతరం మన్వంతరం అయినట్టే, మెదు + ఏద్ మెద్వేద్ అయింది. ఋగ్వేదం మొదటి మండలంలో చెట్టుమీది పక్షులను ‘మధ్వదః’ అన్నదీ ఇదే కూర్పుతో. ‘ఎరగడం’ అని పొరబడేవారు రష్యన్లలోనూ ఉన్నారు కాబట్టి మనవారిని మరీ తిట్టలేను.

నిజంగా సంస్కృతం నుంచే తెచ్చుకుని ఉంటే, జాంబవంతుడి ‘ఋక్షం’ ఎందుకు వదిలేసినట్టు? గ్రీకు ఆర్క్తోస్, లాటిన్ ఊర్సుస్ దానికి తోబుట్టువులే. రష్యన్ చేరిన స్లావిక్ కుటుంబ భాషలు ఆ పాత పేరునే పోగొట్టుకున్నాయి. పేరెత్తితే ఎదురుపడుతుందన్న భయమే కారణమని భాషావేత్తలు ఎక్కువగా చెబుతారు. మన పల్లెల్లో రాత్రిపూట పామును ‘పురుగు’ అన్నట్టే.

అఖోతకు మూలం ‘ఖతేత్’, అంటే కోరుకోవడం. ‘మ్నే అఖోత స్పాత్’ అంటే ‘నాకు నిద్రపోవాలని ఉంది’ అని. అందులో వేట ఊసే లేదు. పోలిష్, చెక్ భాషల్లో ఇదే మాటకు ఇష్టం, సుముఖత అనే అర్థాలే. వేటకు పాత స్లావిక్ మాట ‘లోవ్’. చెక్, సెర్బియన్, బల్గేరియన్ భాషలు నేటికీ అదే వాడతాయి.

సబాక విషయంలో మాత్రం సగం నిజముంది. కుక్కను మీడియన్లు (ప్రాచీన ఇరాన్ జాతి ఒకటి) ‘స్పక’ అంటారని క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సబాక అలాంటి ఇరానియన్ మాట నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ‘స్పక’ సంస్కృత ‘శ్వన్’కు తోబుట్టువు, బిడ్డ కాదు.

ఇక ‘అన్నీ’ అన్న మాట. రష్యన్ వేటగాడి సంచి యగ్ద్‌తాష్, వేటను నడిపించే యేగెర్, రెండూ జర్మన్. వేటకు మచ్చిక చేసే పెద్ద గద్ద బెర్కూత్ తుర్కిక్. వీటికి సంస్కృత మూలం చూపించే సందేశం నాకింకా చేరలేదు.