"సొంత జుట్టులాగే చూసుకోండి" అనే సలహా ఇక చాలు

హ్యూమన్ హెయిర్ విగ్గు కొన్నవాళ్ళందరూ తప్పకుండా వినే మాట ఒకటుంది. "అసలు జుట్టే కదండీ, మీ సొంత జుట్టులాగే చూసుకోండి, సరిపోతుంది." ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. రోజూ విగ్గు పెట్టుకునే మనిషిగా చెప్తున్నా, అంత డబ్బు పోసి కొన్నదాన్ని త్వరగా పాడు చేసుకోవాలంటే ఈ సలహాని తు.చ. తప్పకుండా పాటిస్తే చాలు.

తల మీదున్న జుట్టుకి కుదుళ్ళ దగ్గరి గ్రంథులు సీబమ్ అనే జిడ్డుని ఎప్పుడూ అందిస్తూనే ఉంటాయి. షాంపూతో పోగొట్టినా ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ వచ్చేస్తుంది. విగ్గులో ఉన్నది కోసిన జుట్టు. ఆ జిడ్డు అందడం కోసిన రోజే ఆగిపోయింది. కడిగిన ప్రతిసారీ ఎంతో కొంత మృదుత్వం పోతుంది, మనం కండీషనర్ పెడితే తప్ప తిరిగి రాదు. పైగా తల మీద ఒకటి రాలితే ఇంకోటి మొలుస్తుంది. విగ్గులో ఊడింది ఊడిందే.

అందుకే మన తలస్నానాల లెక్క విగ్గుకి పెట్టకండి. మామూలుగా పది పన్నెండు సార్లు పెట్టుకున్నాక ఒకసారి కడిగితే చాలు. చెమట బాగా పట్టేవాళ్ళు, జెల్లు, స్ప్రేలు వాడేవాళ్ళు కాస్త ముందే కడుక్కోవాలి. లోపల పల్చటి క్యాప్ వేసుకుని దాన్ని మాత్రం ఎప్పటికప్పుడు ఉతుక్కుంటే విగ్గు జోలికి వెళ్ళే పని చాలా తగ్గుతుంది.

అసలు నష్టమంతా కడిగే తీరులో జరుగుతుంది. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, ఆ పొలుసులన్నీ కుదురు నుంచి చివర వైపుకి వాలి ఉంటాయి. మన తలని రుద్దుకున్నట్టు విగ్గుని కూడా రెండు చేతుల మధ్య పెట్టి నలిపితే పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక ఆ జుట్టు జడలు కట్టినట్టే. నమ్మకం లేకపోతే మీ విగ్గు తిరగేసి మెడ దగ్గరి పాయ చూడండి. రోజంతా కాలర్‌కి రాసుకుంటుంది కాబట్టి ముందు చిక్కుపడేది అదే. కడగడానికి ముందే, పొడిగా ఉండగానే, ఆ పాయని చేత్తో పట్టుకుని పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. చిక్కులతోనే నీళ్ళలో ముంచితే అవి ఇంకా బిగుసుకుంటాయి. తడి వెంట్రుక ఎక్కువ సాగుతుంది, సులువుగా తెగుతుంది కూడా.

జిగురు, టేపు వాడేవాళ్ళు ముందుగా ఆ మరకలు తీసేయాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో సల్ఫేట్ లేని షాంపూ కొద్దిగా కలిపి, విగ్గుని అందులో కాసేపు ఉంచి, వేళ్ళతో పై నుంచి కిందికి నిమిరితే చాలు. నురుగు రావడం లేదని బెంగపడి ఇంకో పిడికెడు షాంపూ పోయకండి, జుట్టుకి నురుగుతో పని లేదు. నిజంగా మురికి పట్టేది విగ్గు క్యాప్, అంటే జుట్టుని బిగించిన అడుగు భాగం, లోపలి అంచు. నుదుటి చెమట, మేకప్ అంతా అక్కడే చేరుతుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తో చిన్నగా తుడవాలి. జాడించేటప్పుడు కూడా నీటి ధార కుదురు నుంచి చివరికే పారాలి.

కండీషనర్ దగ్గర మాత్రం ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. లేస్ విగ్గులో వెంట్రుకలని చేత్తో జాలీకి ముడివేస్తారు. కుదుళ్ళ దాకా కండీషనర్ పట్టిస్తే ఆ ముడులు జారి వెంట్రుకలు ఊడొస్తాయి. సగం నుంచి కిందికే రాయాలి. నూనెదీ ఇదే కథ. మన తలకి పట్టించినట్టు విగ్గుకి పట్టిస్తే ముడులు వదులవుతాయి, జిగురు పట్టు తప్పుతుంది, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. చివర్లకి రెండు చుక్కల సీరమ్ చాలు.

పిండకండి. తువ్వాల్లో పెట్టి అద్ది, గాలి ఆడే స్టాండు మీద ఆరనివ్వండి.

ఇక్కడ నా అసలు బాధ చెప్పుకోవాలి. విగ్గు పెట్టుకుంటున్నట్టు ఎవరికీ తెలియకూడదని చాలామంది దాన్ని రాత్రిళ్ళు గుట్టుగా కడిగి, బాత్రూమ్ తలుపు వెనక తగిలించి, తెల్లారేసరికి సగం తడితోనే డబ్బాలో మూసేస్తారు. తడి ఆరని క్యాప్‌కి వాసన పడుతుంది, బూజు కూడా రావచ్చు. కీమోథెరపీ వల్ల జుట్టు పోయిందో, అలోపేసియా అనే జుట్టు రాలే సమస్య వల్ల ఊడిందో, లేక సరదాగానే పెట్టుకుంటున్నారో, కారణం ఏదైతే ఏం? కళ్ళజోడు తుడుచుకున్నంత మామూలుగా కడుక్కునే పనికి ఇంత దాపరికం ఎందుకు? ఇంట్లోవాళ్ళు ఆ స్టాండుని చూసి ముఖం పక్కకి తిప్పుకోకుండా ఉంటే సగం టెన్షన్ పోతుంది.

త్వరగా ఆరాలని తడి మీదే స్ట్రెయిట్‌నర్ పెట్టడం ఇంకో ఘోరం. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు వస్తాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది. పూర్తిగా ఆరాక, వేడి నుంచి కాపాడే స్ప్రే కొట్టి, 180 డిగ్రీల సెల్సియస్ దాటకుండా వాడుకోండి.

ఇంత చేసినా కొన్ని విగ్గులు నాలుగు సార్లు కడిగేసరికి గడ్డిలా తయారవుతాయి. "మీరు సరిగ్గా కడగలేదండీ" అని తప్పు మన మీదికే తోసేస్తారు. అన్నిసార్లూ అది నిజం కాదు. రెమీ అనే మేలురకం జుట్టులో పొలుసులన్నీ ఒకే వైపుకి ఉంటాయి. నాసిరకంలో కుదుళ్ళూ చివర్లూ కలగాపులగంగా ఉంటాయి కాబట్టి, చిక్కుపడకుండా ఉండడానికి ఆసిడ్‌తో పొలుసులు తీసేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. కొత్తలో కనిపించే ఆ పట్టులాంటి మెరుపు ఆ పూతదే. కడిగేకొద్దీ అది పోతుంది, అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి కొనేటప్పుడు మెరుపు చూసి మురిసిపోకుండా, ఇది రెమీనా, పూత ఏమైనా పూశారా, ఇప్పటికే కొన్నిసార్లు కడిగిన నమూనా పాయ చూపిస్తారా అని అడగండి. నేను అడిగిన ఒక చోట ఆ పెద్దమనిషి, "కడిగింది ఎవరు చూపిస్తారండీ!" అని నా మీదే విసుక్కున్నాడు. నేను కొనకుండా వచ్చేశాను.