గేదెలకు వీధి ఉంది, మాకు లేదు

మా బావమరిది సింగపూర్ షిప్‌యార్డులో వెల్డరు. కవిటి దగ్గర కొబ్బరితోటల ఊరు వాళ్లది. ఐటీఐ చదివి, ఏజెంటుకి కట్టాల్సింది కట్టి, ఎనిమిదేళ్ల కిందట వెళ్లాడు. ఆదివారం మధ్యాహ్నం తప్ప మనిషి మనకు దొరకడు. మొన్న ఆదివారం వీడియో కాల్లో లిటిల్ ఇండియా చూపించాడు. సెరంగూన్ రోడ్డు, టెక్కా మార్కెట్, మల్లెపూల దండలు, డబ్బులు పంపే కొట్టు ముందు జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ కుర్రాళ్ల క్యూ. ఫోను పైకెత్తి ఓ వీధి బోర్డు కూడా చూపించాడు.

"ఇదేటిరా?"

"బఫెలో రోడ్డు బావా. గేదెల వీధి. ఒకప్పుడు ఇక్కడ పశువుల బేరాలు జరిగేవట. ఆ పక్కది కెర్బావ్ రోడ్డు. మలయ్‌లో అదీ గేదే. అవతల లెంబు రోడ్డు ఉన్నాది. లెంబు అంటే ఆవు."

ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. పశువులకు మూడు వీధులు, శ్రీకాకుళం వాళ్లకి ఒక్క సందు కూడా లేదు. జిల్లా పరువుకి సంబంధించిన విషయం గనక దయచేసి నవ్వకుండా చదవండి.

ప్రపంచంలో ఎవరి వీధి వాళ్లు చూసుకున్నారు. లండన్ సౌతాల్‌లో రైల్వే స్టేషన్ బోర్డు ఇంగ్లిష్‌తో పాటు పంజాబీలోనూ ఉంది. న్యూజెర్సీ ఓక్‌ట్రీ రోడ్డులో బంగారం, చీరలు, దోసెలు. పారిస్ లా షాపెల్‌లో శ్రీలంక తమిళులు. షికాగో డెవాన్ అవెన్యూలో ఒక ముక్కకి గాంధీ పేరు, ఒక ముక్కకి జిన్నా పేరు, ఇంకో ముక్కకి షేక్ ముజీబ్ పేరు. ఇక్కడ ఉపఖండంలో పట్టని ముగ్గురూ అక్కడ ఒక్క వీధిలో సర్దుకున్నారు.

లండన్ బ్రిక్ లేన్‌లో ఇంకో చిత్రం. 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి తర్వాత మెథడిస్టులదైంది, 1898లో యూదుల ప్రార్థనాలయమైంది, 1976లో బెంగాలీల మసీదైంది. వచ్చినవాడల్లా సున్నం వేసుకుని లోపలికి వెళ్లాడు. ఆ గోడ మీద ఓ నీడగడియారం, దాని మీద "మనం నీడలం" అని లాటిన్‌లో ఓ మాట. ఎండ గురించి అరసవల్లి వాళ్లకి లండన్ వాళ్లు చెప్పడమేమిటో! సరే, అది తర్వాత చూసుకుందాం.

మాకు అర్హత లేదందామా? మేం వలసని ఊళ్ల పేర్లలోనే పెట్టుకున్నవాళ్లం. ఆమదాలవలస, కొత్తవలస, జియ్యమ్మవలస. ఇంతకన్నా ఏం సర్టిఫికెట్టు కావాలి? తాతల కాలంలో మావాళ్లు 'రంగం' పోయేవారు. రంగం అంటే రంగూన్. కళింగపట్నంలోనో భీమిలిలోనో స్టీమరెక్కడం, అక్కడ దిగి బియ్యం బస్తాలు మొయ్యడం. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. మరి తెలుగు కూలీలకి అక్కడ పెట్టిన పేరేమిటి? 'కోరంగీలు'. కోరంగి ఎక్కడుంది? కాకినాడ పక్కన. బస్తాలు మావాళ్లూ మోశారు, పేరు మాత్రం గోదావరి రేవుకి పోయింది. సినిమాల్లోనూ ఇదే తంతు అనుకోండి.

1930లో రంగూన్ రేవులో కూలి పెంచమని తెలుగువాళ్లు సమ్మె చేస్తే వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టారు. ఆ తర్వాతి కొట్లాటల్లో ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ సైన్యం వస్తే జనం అడవుల్లోంచి నడుచుకుంటూ వచ్చారు. మిగిలినవాళ్లలో చాలామంది అరవైల్లో వచ్చేశారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. రంగూన్‌లో లిటిల్ శ్రీకాకుళం వెలవలేదు గానీ, విశాఖలో చిన్న రంగూన్ మాత్రం వెలిసింది.

అసలు కడుపుమంట ఇంకోటుంది. సింగపూర్‌లో మాకు ఒకప్పుడు వీధి ఉండేది! క్లింగ్ స్ట్రీట్. దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్లని మలయ్‌లో 'కెలింగ్' అనేవారు. అది కళింగ నుంచి వచ్చిన మాట. ముఖలింగం రాజధానిగా ఏలిన కళింగ ఎవరిది? మాది కాదూ? ఆ పేరుతో పిలిపించుకున్నది మాత్రం ఎక్కువగా తమిళులు. పిలవగా పిలవగా అది తిట్టయి కూర్చుంది. మాకొద్దీ పేరని వాళ్లు గోల పెడితే 1920ల మొదట్లో దాన్ని చులియా స్ట్రీట్ అని మార్చేశారు. మా పేరు మమ్మల్ని అడక్కుండా పెట్టారు, అడక్కుండా తిట్టు చేశారు, అడక్కుండా పీకేశారు.

ఈ అన్యాయం మీద నిపుణుల అభిప్రాయం తీసుకున్నాను. అంటే డే అండ్ నైట్ జంక్షన్ టీ కొట్టు దగ్గర ఓ రిటైర్డ్ మేష్టారిని అడిగాను. ఆయన గ్లాసులో అడుగున మిగిలిన చక్కెరని వేలితో తీసుకుంటూ, "మీవాడేం చేస్తాడు?" అన్నారు.

"ఓడలకి వెల్డింగ్ చేస్తాడండీ."

"ఓడ వెళ్లిపోద్ది కదయ్యా. పేరు దేని మీద రాస్తారు? కొట్టు పెట్టమను."

కొట్టు పెడితే ఏం అమ్మాలో కూడా ఆలోచించాను. గోంగూర గుంటూరు వాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. బిర్యానీ హైదరాబాద్‌ది. మాకు పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, ఎండుచేపలు మిగిలాయి. మూడో దానితో వీధి పేరు దూరానికే తెలుస్తుంది, బోర్డు ఖర్చు కలిసొస్తుంది. ఈ పథకమంతా బావమరిదికి వివరంగా వాట్సాప్‌లో పంపాను. జవాబు ఆదివారం వచ్చింది.

"వర్క్ పర్మిట్ మీద ఉన్నోళ్లు కొట్టు పెట్టకూడదు బావా. పర్మిట్ పీకి ఇంటికి పంపేత్తారు."

"మరి మన వీధో?"

"ఉందిగా. మజ్జాన్నం మావోళ్లంతా వచ్చి ఈ మెట్ల మీద కూకుంటాం. రాత్రి డార్మిటరీకి ఎల్లిపోతాం. అంతే."

కాసేపాగి మళ్లీ వాడే అన్నాడు. "నీ బాధ సూడలేక ఫోను మ్యాపులో శ్రీకాకుళం రోడ్డు అని కొట్టాను బావా. ఒకటి దొరికింది."

"ఎక్కడ్రా?" అని లేచి కూర్చున్నాను.

"ఆమదాలవలసలో."

మా ఊరి రైల్వే స్టేషన్ అది. మా ఊళ్లో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. దాని పేరే శ్రీకాకుళం రోడ్. ఎనిమిదేళ్ల కిందట వీణ్ణి చెన్నై బండి ఎక్కించింది అక్కడే. కిటికీలోంచి పెట్టె అందిస్తుంటే వెనకాల ఆ పసుపు బోర్డు ఉంది, తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో.

సౌతాల్ బోర్డు మీద రెండు భాషలే.