ఎస్పీ30 గారికి ఒక కారు పాలసీదారు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎస్పీ30 గారి సముఖమునకు,

ఇంగ్లండులోని రెడింగ్ నుంచి ఒక కారు పాలసీదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు స్వాన్సీలో, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీవీఎల్ఏ వారి కంప్యూటర్‌లో, మా ఆయన లైసెన్సు నంబరు పక్కన కులాసాగా ఉన్నారని తలుస్తాను. తమరి పోషణ ఖర్చులు మేమే భరిస్తున్నాం కాబట్టి లోటుండే అవకాశం లేదు.

తమరెవరో తెలియని తెలుగువాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. అదృష్టవంతులు. వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. బ్రిటన్‌లో మామూలు రోడ్డు మీద స్పీడ్ లిమిట్ దాటి దొరికితే లైసెన్సు మీద పడే కోడ్ పేరు ఎస్పీ30. మోటార్‌వే మీద దొరికితే తమరి అన్నగారు ఎస్పీ50 వేంచేస్తారు. ఎవరొచ్చినా చిన్న కేసుల్లో పద్ధతి ఒకటే, వంద పౌండ్ల ఫైను, మూడు పాయింట్లు. మూడేళ్ళలో 12 పాయింట్లు పోగైతే మామూలుగా ఆర్నెల్లు స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. ఇంతవరకూ నాకే పేచీ లేదు. గంటకి 30 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద 36తో పోయిన మనిషికి వంద పౌండ్లు పడాల్సిందే. పడ్డాక తమరు మా ఇంట్లో పెట్టిన కాపురంతోనే నా పేచీ అంతా.

తమరు రాకముందు మా ఆయనకి ఒక అవకాశం ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. మొదటిసారి దొరికినప్పుడు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకి పంపారు. కోర్సు చేస్తే పాయింట్లు ఉండవు, లైసెన్సు మీద మచ్చ ఉండదు, దాదాపు ఫైనంత డబ్బు మాత్రం ఫీజు కింద పోతుంది. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పూర్తి చేశారు. అక్కడ నేర్పిన పాఠం ఇది: వీధిలైట్లు వరసగా ఉండి, వేరే బోర్డేదీ లేకపోతే ఇంగ్లండులో అది 30 మైళ్ళ రోడ్డు. 30లో పోయే కారు ఆగడానికి 23 మీటర్లు కావాలి, 40లో అయితే 36 మీటర్లు. ఆ వారమంతా మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు ఈ పాఠం కూడా తాగి వెళ్ళాల్సి వచ్చింది. వేల్స్ వెళ్ళొచ్చిన ఒక స్నేహితుడికైతే 2023 సెప్టెంబరు నుంచి అక్కడ ఊళ్ళలో 30 కాస్తా 20 అయిపోయిన చరిత్ర మొత్తం వినిపించారు.

అయితే కోర్సు మూడేళ్ళకి ఒక్కసారే. రెండో కెమెరా ఆ మూడేళ్ళు నిండకముందే మెరిసింది. వరసగా ఉన్న వీధిలైట్ల కిందే. "కెమెరా కనపడకుండా పెట్టారు" అన్నారాయన. దానికి పచ్చటి పసుపు రంగు వేసి మరీ నిలబెట్టారని నేను అనలేదు. అప్పటికే ఇంట్లో వాతావరణం బాగోలేదు.

ఉత్తరం నా పేరు మీద వచ్చింది. కారు రిజిస్టర్డ్ కీపర్‌ని, అంటే కాగితాల్లో కారు ఎవరి పేరున ఉందో ఆ మనిషిని, నేను కదా. కెమెరాకి నంబరు ప్లేటు తెలుసు గానీ స్టీరింగ్ వెనక ఎవరున్నారో తెలీదు. కాబట్టి 28 రోజుల్లో డ్రైవరు పేరు రాసి పంపాలి. పంపకపోతే నాకు ఆరు పాయింట్లు, వెయ్యి పౌండ్ల వరకూ ఫైను. మా అమ్మమ్మ జీవితాంతం తాతయ్య పేరు పలకలేదు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగితే పక్కింటావిడ చేత చెప్పించింది. ఆవిడ మనవరాలిని నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, నల్ల ఇంకు పెన్నుతో, గళ్ళలో ఒక్కో అక్షరం చొప్పున, పెద్దబడిలో మా ఆయన ఇంటిపేరుతో సహా రాసి సంతకం పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని స్పెల్లింగ్ సరిచూశారు. ఇరవై రెండు అక్షరాల పేరుకి గళ్ళు చాల్లేదు. గోత్రం అడగలేదు, సంతోషం.

ఈలోపు వాట్సాప్ గ్రూపులో ఒక మరిది వరస అబ్బాయి సలహా పడేశాడు. "మీ పేరు రాసేసుకోండి వదినా, మీకెలాగూ పాయింట్లు లేవు కదా, కోర్సుతో పోతుంది." చాలా ఇళ్ళలో ఈ సలహా తిరుగుతుందని విన్నాను. దానికి జవాబుగా క్రిస్ హ్యూన్ కథ పంపాను. బ్రిటన్ మంత్రిగా చేసిన మనిషి. మంత్రి కాకముందు, 2003లో ఎం11 మోటార్‌వే మీద స్పీడుగా పోయి దొరికారు. లైసెన్సు పోతుందన్న భయంతో పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ పేరు మీద వేయించారు. ఆవిడ పేరున్న ఆర్థికవేత్త. ఏడేళ్ళ తర్వాత ఆ సంసారం విడిపోయింది, కథ పేపర్లకెక్కింది. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు. "మా ఆయన బలవంతం చేస్తే రాశాను" అని ఆవిడ వాదించింది. భార్యలకి మాత్రమే పనికొచ్చే అలాంటి వాదన అప్పట్లో ఇక్కడి చట్టంలో నిజంగానే ఉండేది. జ్యూరీ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది ఆ వాదననే చట్టంలోంచి తీసేశారు. మూడు పాయింట్ల కోసం అంత దూరం పోయే ఉద్దేశం నాకు లేదు తమ్ముడూ అని రాశాను. ఒక బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాడు.

సరే. వంద పౌండ్లు కట్టాం. కోర్టు మెట్లెక్కలేదు, జడ్జి మొహం చూడలేదు, ఆన్‌లైన్‌లో కార్డు నంబరు కొడితే అయిపోయింది. అయిపోయిందనే అనుకున్నాం. తమరు ఇల్లరికపు అల్లుడిలా పెట్టె సర్దుకుని వచ్చారని రెన్యువల్ నాడు తెలిసింది.

పాలసీ నాది. మా ఆయన అందులో నేమ్డ్ డ్రైవరు, అంటే ఆ కారు నడపొచ్చని పేరు రాయించుకున్న మనిషి మాత్రమే. ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆయన పేరు కలిపితే ప్రీమియం తగ్గేది. ఇద్దరు కాస్త వయసు మళ్ళిన మనుషులు ఒకే కారు తోలుతుంటే కంపెనీకి ధైర్యం కాబోలు. కట్నకానుకల సంగతి అలా ఉంచి, ఆయన వల్ల నాకు కనపడే ఆదాయం ఏదైనా ఉందంటే అదే. ఈసారి ఫారం నింపుతుంటే మామూలు ప్రశ్నలే వచ్చాయి. పిన్‌కోడ్ ఏమిటి, ఉద్యోగం ఏమిటి, రాత్రిపూట కారు ఎక్కడ పడుకుంటుంది. ఆ తర్వాత, "గత ఐదేళ్ళలో మీకు గానీ, పాలసీలో ఉన్న ఇతర డ్రైవర్లకి గానీ..." అవును అని టిక్ కొట్టాను. కోడ్ ఎంచుకోమంది. జాబితా తెరిస్తే తమరు బంధుమిత్ర సపరివార సమేతంగా దర్శనమిచ్చారు. తాగి నడిపినవాళ్ళు, ఫోన్ పట్టుకున్నవాళ్ళు, ఇన్సూరెన్స్ లేకుండా తోలినవాళ్ళు. ఆ జనంలో మా ఆయన కోసం తమర్ని వెతికి, తేదీ వేసి, మూడు పాయింట్లు అని రాసి, బటన్ నొక్కాను.

ఒక కంపెనీ పోయినేడాది కంటే నలభై పౌండ్లు ఎక్కువంది. ఇంకొకటి, అదే కారు, అదే ఇల్లు, అదే మొగుడు, దాదాపు రెండొందలు ఎక్కువంది. మూడోది "ఈసారికి మీకు కొటేషన్ ఇవ్వలేకపోతున్నాం" అని మర్యాదగా తలుపేసింది. అప్పుడు ఆయన్ని పాలసీలోంచి తీసేసి చూశాను. తగ్గింది. మళ్ళీ పెట్టాను. పెరిగింది. ఆయన నా భుజం మీదుగా తొంగి చూస్తూ, తనని తీసినప్పుడల్లా ఒక నిట్టూర్పు, పెట్టినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచారు.

ఇక్కడే తమర్ని నిలదీస్తున్నాను. ఆ తేడాలో మా ఆయన వాటా ఎంత, తమరి వాటా ఎంత? అదే ఏడాది ఆయనకి ఒక సంవత్సరం వయసు పెరిగింది, కారుకీ పెరిగింది, మా వీధిలో ఎవరి కారో పోయింది, రిపేరు ఖర్చులు పెరిగాయని కంపెనీల గోల ఉండనే ఉంది. ఫైను చీటీ మీద వంద అని అచ్చేశారు. మూడు పాయింట్లు అని అచ్చేశారు. సర్కారు వారు మా ప్రీమియం మీద గుంజే 12 శాతం పన్నుకి కూడా ఒక గీత ఉంది. తమరికి మాత్రం లేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి అమ్మాయి "అనేక అంశాలని బట్టి ఉంటుంది మేడమ్" అంది. స్పీడుగా పోయేవాళ్ళు క్లెయిములూ ఎక్కువ చేస్తారన్నది కంపెనీల లెక్క. అది తప్పని నేననను, మా ఇంట్లో పదిహేనేళ్ళుగా కళ్ళతో చూస్తున్నాను. కానీ శిక్ష వేసేవాడు ఎంత వేశాడో చెప్పకుండా వేస్తే, పడ్డవాడు ఏ తప్పుకి ఎంత పడిందో ఎలా తెలుసుకుంటాడు? మా ఆయన ఏం తెలుసుకున్నారో చెప్పమంటారా? "ఇన్సూరెన్స్ వాళ్ళు దొంగలు" అని తెలుసుకున్నారు. స్పీడు సంగతి మధ్యలో ఎక్కడో జారిపోయింది.

రెండో సంగతి, తమరి మకాం ఎన్నాళ్ళు? ఇంత సులువైన ప్రశ్నకి మూడు జవాబులు. నిషేధం లెక్కకి పాయింట్లు మూడేళ్ళే పనిచేస్తాయి. లైసెన్సు రికార్డులో తమరు నేరం చేసిన తేదీ నుంచి నాలుగేళ్ళుంటారు. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగేది ఐదేళ్ళు, ఎందుకంటే 1974 నాటి ఒక చట్టం ప్రకారం తమరు పూర్తిగా కాలం చేసేది అప్పుడే. అంటే నాలుగు నిండి ఐదు నిండని ఆ సంవత్సరం డీవీఎల్ఏ వెబ్‌సైట్లో చూస్తే మా ఆయన లైసెన్సు మంచుకడిగినట్టు తెల్లగా ఉంటుంది. ఇన్సూరెన్స్ ఫారంలో మాత్రం "ఉంది" అని మేమే చెప్పుకోవాలి. సర్కారు మరిచిపోయినదాన్ని నేను గుర్తుపెట్టుకుని కంపెనీకి చెప్పి, చెప్పినందుకు డబ్బు కూడా కట్టాలన్నమాట. చెప్పకపోతే క్లెయిము దగ్గర మెలిక పెడతారు, అసలు పాలసీయే లేదనొచ్చు కూడా. బీమా కంపెనీకి చెప్పే వివరాల మీద 2012లో వచ్చిన చట్టం దాన్ని తప్పుడు సమాచారం కింద లెక్కేస్తుంది. ఆయన "తెల్లగా ఉన్న రోజు పరమాన్నం చేసుకుందాం" అన్నారు. చేసుకుందాం, మిగతా ఏడాది ఖర్చుకి బెల్లం తగ్గించి.

ఇంకో సంగతి నాకు లోపల్లోపల మండుతుంటుంది. ఆడవాళ్ళు జాగ్రత్తగా నడుపుతారని ఒకప్పుడు ఇక్కడ ప్రీమియం తక్కువ తీసుకునేవాళ్ళట. యూరప్ కోర్టు తీర్పుతో 2012 డిసెంబరు 21 నుంచి అది కుదరదు, ఆడా మగా అని చూసి ధర కట్టకూడదు. న్యాయమే. కాబట్టి నేను ఆడదాన్నైనందుకు తగ్గింపు లేదు, మొగుడి కుడికాలికి మాత్రం పెంపు ఉంది. క్లెయిములు చేయనందుకు ప్రీమియంలో నాకిచ్చే తగ్గింపు, నో క్లెయిమ్స్ బోనస్, చెక్కుచెదరలేదు. దాన్ని తమరు ముట్టుకోలేదు, అందుకు కృతజ్ఞతలు. ఆ బోనస్ మినహాయించాక మిగిలిన ప్రీమియాన్ని పెంచేశారు, అంతే.

హైదరాబాదులో మా మామగారికి ఇదంతా వీడియో కాల్‌లో చెబితే పడీ పడీ నవ్వారు. ఆయనకి ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు చలాన్లు వస్తూనే ఉంటాయి. వెయ్యి రూపాయలు, పైన 35 యూజర్ చార్జీలు. ఆయన వాటిని కట్టరు, దాస్తారు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కార్ల చలాన్ల మీద అరవై శాతం, టూవీలర్ల మీద ఎనభై శాతం డిస్కౌంట్ ప్రకటించినప్పుడు, ఆషాఢం సేల్‌లో చీరలు కొన్నంత ఉత్సాహంగా మొత్తం ఒక్కరోజులో కట్టేశారు. ముందే బుద్ధిగా కట్టేసిన పక్కింటాయన ముందు నిలబడి ఆ రశీదు చదివారట కూడా. ఇక ఆయన ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ చలాన్ల సంగతే పట్టదు. క్లెయిము చేయలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ యాభై శాతానికి ఎక్కి కూర్చుంది. 2021 జనవరిలో అక్కడి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కమిటీ ఒకటి ట్రాఫిక్ తప్పులకి పాయింట్లు వేసి, దాన్నిబట్టి అదనపు ప్రీమియం వసూలు చేద్దామని ప్రతిపాదించింది. తాగి నడిపితే వంద పాయింట్లు, అడ్డంగా పార్క్ చేస్తే పది. ఆ ముక్క చెబితే మామగారు, "దానికీ డిస్కౌంట్ ఇస్తారులేమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. మాతృభూమి మీద అంత బెంగ సంక్రాంతికి కూడా చూడలేదు.

తమరి మంచి పని ఒకటి చెప్పకపోతే కళ్ళు పోతాయి. ఆయన ఇప్పుడు 30 రోడ్డు మీద 28లో పోతారు. వెనక ఎవరు హారన్ కొట్టినా అద్దంలో చూసి, "వాడికింకా రాలేదు, వస్తుంది" అంటారు. వీధిలైట్ల పాఠం, ఆగే దూరాల పాఠం, నేను పదిహేనేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కిన పాఠం చేయలేని పనిని తమరు చేశారు. అందుకే తమర్ని రద్దు చేయమని అడగడం లేదు. బిల్లు మీద తమరికీ ఒక గీత ఉండాలని అడుగుతున్నాను. "ఫలానా తారీఖున ఫలానా వీధిలో ఆరు మైళ్ళు ఎక్కువ పోయినందుకు: ఇన్ని పౌండ్లు." అంతే చాలు. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో నేను అంటించుకుంటాను. కంపెనీ దొంగదా కాదా అన్న చర్చ కూడా ఆ రోజుతో తీరిపోతుంది.

ఇట్లు,
తమరి పోషణకర్త,
పాలసీదారు మరియు రిజిస్టర్డ్ కీపరు,
పాయింట్లు: సున్నా

తా.క.: మా అబ్బాయికి పదిహేడు నిండుతున్నాయి. ప్రొవిజనల్ లైసెన్సు వచ్చేసింది, పాసయిన రెండేళ్ళలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సే రద్దని కూడా వాడికి తెలుసు. నిన్న రాత్రి వాణ్ణి నా పాలసీలో కలిపి ఊరికే ఒక కొటేషన్ చూశాం. ఆ అంకె చూసినప్పటి నుంచి మా ఆయన తమరి గురించి చెడ్డగా ఒక్క మాట కూడా అనడం లేదు.