తెర దించి కాపాడుకున్న సినిమా హాళ్లు

టొరంటో నగరం నడిబొడ్డున, యంగ్ స్ట్రీట్ మీద, నేల నుంచి ఏడంతస్తుల ఎత్తులో ఒక హాలు ఉంది. దాని కప్పు నిండా బీచ్ అనే జాతి చెట్ల నిజమైన ఆకులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆకుల నడుమ చిన్న లాంతర్లు వెలుగుతుంటాయి. స్తంభాలకు చెట్టు మొదళ్ల రూపం ఇచ్చారు, గోడల మీద పూలతోటలు చిత్రించారు. 1914 ఫిబ్రవరిలో తెరుచుకున్న ఈ వింటర్ గార్డెన్ థియేటర్ 1928లో మూతపడింది. సరిగ్గా దాని కింద ఉన్న హాలులో దశాబ్దాల తరబడి సినిమాలు ఆడుతూనే ఉన్నాయి గానీ, పైన ఒక తోట దుమ్ము పట్టి పడి ఉందన్న సంగతి టికెట్ కొని లోపలికి వెళ్లిన ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. పాతకాలపు రంగస్థలం పరదాలు, సెట్టింగులు కూడా అక్కడే ఉండిపోయాయి. కింది హాలును కాలానికి తగినట్టు మార్చినప్పుడల్లా రంగుల మీద రంగులు పడ్డాయి, పైదాని మీద ఎవరూ పైసా ఖర్చు పెట్టలేదు. అందుకే అది చెడకుండా మిగిలింది. కెనడాలో పాత సినిమా హాళ్ల పరిరక్షణ గురించి ఆలోచించేటప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఈ వైచిత్రియే.

అమెరికా హాళ్ల యజమాని మార్కస్ లోవ్ కోసం థామస్ లాంబ్ అనే వాస్తుశిల్పి ఒకదాని మీద ఒకటిగా ఈ రెండు హాళ్లను నిర్మించాడు. ఇప్పుడు ఎల్గిన్ అని పిలిచే కింది హాలు 1913 డిసెంబరులోనే మొదలైంది. పాటలు, హాస్యం, గారడీ, చిన్న మూకీ చిత్రాలు కలగలిసిన వాడెవిల్ ప్రదర్శన అక్కడ రోజంతా సాగేది, ఎవరు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. అదే ప్రదర్శనను సాయంత్రం పూట ముందుగా సీటు ఖాయం చేసుకుని, ఎక్కువ డబ్బు పెట్టి చూడదలచిన వారు పై హాలుకు వెళ్లేవారు. మన ఊళ్లలో నేల టికెట్‌కూ బాల్కనీకీ మధ్య ఉండే తేడాను ఇక్కడ రెండు వేర్వేరు హాళ్లుగా కట్టారన్నమాట. టాకీలు వచ్చి వాడెవిల్‌ను మింగేశాక పై హాలుకు పని లేకుండా పోయింది. 1981లో ఒంటారియో ప్రభుత్వ వారసత్వ సంస్థ మొత్తం భవనాన్ని కొని, సుమారు 2.9 కోట్ల డాలర్లతో పునరుద్ధరించి, 1989 డిసెంబరులో రెండు హాళ్లనూ మళ్లీ తెరిచింది. గోడల మీది చిత్రాలు నీటి రంగులతో వేసినవి కావడంతో తడిగుడ్డ తగిలితే కరిగిపోతాయి. అందువల్ల వందల పౌండ్ల పచ్చి రొట్టెపిండిని ముద్దలు చేసి, వాటితో అద్ది అద్ది మురికి తీశారు. అయిదు వేలకు పైగా బీచ్ కొమ్మలను నిప్పు అంటకుండా శుద్ధి చేసి కప్పుకు కట్టారు.

ఇంత శ్రద్ధగా కాపాడిన ఈ జంట హాళ్లు నేడు ప్రధానంగా నాటకాలకు, సంగీత రూపకాలకు, కచేరీలకు వేదికలు. కింది హాలుకు సినిమాతో మిగిలిన ముఖ్యమైన బంధం చాలా ఏళ్లపాటు ఏటా సెప్టెంబరులో జరిగే టొరంటో చలనచిత్రోత్సవమే అయింది. ఇది ఈ ఒక్క భవనానికి పరిమితమైన సంగతి కాదు. కెనడా నగరాలు తమ గొప్ప సినిమా హాళ్లను కాపాడుకున్న చోటల్లా దాదాపుగా సినిమాను బయటికి పంపించే కాపాడుకున్నాయని నా అభిప్రాయం.

వాంకూవర్‌లోని ఆర్ఫియం కథ ఇందుకు పెద్ద ఉదాహరణ. సియాటిల్ వాస్తుశిల్పి మార్కస్ ప్రిటెకా రూపకల్పనలో 1927 నవంబరులో గ్రాన్‌విల్ స్ట్రీట్‌లో ప్రారంభమైన ఈ హాలులో సుమారు 2,700 మంది కూర్చోవచ్చు. 1973లో యజమాని సంస్థ ఫేమస్ ప్లేయర్స్ దీన్ని లోపల ముక్కలు చేసి అనేక చిన్న తెరల సముదాయంగా మార్చాలనుకుంది. నగరవాసులు ఉద్యమించారు. వాడెవిల్ రోజుల నుంచి వచ్చిన హాస్యనటుడు జాక్ బెన్నీ నిధుల కోసం జరిగిన ప్రదర్శనలో పాల్గొన్నాడు. 1974లో నగర పాలక సంస్థ 71 లక్షల డాలర్లకు భవనాన్ని కొనుగోలు చేసింది. మొదట లోపలి అలంకరణ చేసిన టోనీ హైన్స్‌బర్గన్ అర్ధ శతాబ్దం తరువాత వృద్ధాప్యంలో తిరిగి వచ్చి గుమ్మటం మీది చిత్రానికి రూపమిచ్చాడు. 1977 ఏప్రిల్‌లో హాలు మళ్లీ తెరుచుకుంది, అయితే ఈసారి వాంకూవర్ సింఫనీ వాద్యబృందానికి నెలవుగా. ఆ ఉద్యమం విజయాన్ని నేను తక్కువ చేయను. చిన్న తెరల పాలు కాబోయిన హాలు అదే ఆకృతితో నిలవడం మామూలు విషయం కాదు. కానీ ఆ ఉద్యమానికి బలమిచ్చిన వాదన మాత్రం నగరానికి మంచి కచేరీ మందిరం కావాలన్నదే. సినిమా చూడటానికి ఇంత పెద్ద హాలు కావాలన్న వాదనతో ఏ పురపాలక మండలీ డబ్బు మంజూరు చేసేది కాదు.

టొరంటోలోనే ఎల్గిన్‌కు కొద్ది దూరంలో ఉన్న పాంటేజెస్ అనుభవం మరీ విచిత్రం. 1920లో లాంబే నిర్మించిన ఈ హాలును 1973లో ఆరు తెరలుగా చీల్చారు. 1986లో భవనంలో ఒక భాగం ఫేమస్ ప్లేయర్స్ చేతిలో, మరో భాగం పోటీ సంస్థ సినీప్లెక్స్ ఓడియన్ చేతిలో పడింది. అన్నదమ్ముల పంపకాల్లో నట్టింట గోడ లేచినట్టు, ఒకరి భాగంలోకి మరొకరు అడుగు పెట్టకుండా అడ్డుకున్నారు. చివరికి ఫేమస్ ప్లేయర్స్ తన వాటాను అమ్ముతూ, ఇకపై ఇక్కడ సినిమాలు ఆడించరాదన్న షరతు పెట్టింది. ఆ షరతు పుణ్యమా అని హాలును పూర్వరూపానికి తెచ్చి 1989లో రంగస్థలంగా తెరిచారు. సినిమా వేయకూడదన్న వ్యాపార ఒప్పందం ఒక సినిమా హాలును బతికించిందంటే, ఈ రంగంలో కాపాడటం అనే మాటకు ఎంత వంకర అర్థం ఉందో తెలుస్తుంది.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఆ హాళ్లు అంత పెద్దవిగా ఎందుకు పుట్టాయో చూడాలి. 1906లో ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో చిన్న ప్రదర్శనశాలతో మొదలుపెట్టిన అలెన్ సోదరులు పదిహేనేళ్లలో దేశమంతటా సుమారు యాభై హాళ్ల గొలుసును నిర్మించారు. విన్నిపెగ్‌లో నేడు మెట్రోపాలిటన్‌గా పిలిచే హాలు, కాల్గరీలోని పాలెస్, టొరంటోలో డాన్‌ఫోర్త్ మీది హాలు వారివే. 1920లో ఏర్పడిన ఫేమస్ ప్లేయర్స్ కెనడా సంస్థ వెనుక పారామౌంట్ చిత్రాల సరఫరా ఉంది. ఆ చిత్రాలు చేజారిన తరువాత అలెన్ సోదరులు నిలవలేకపోయారు. 1923 నాటికి వారి హాళ్లు ప్రత్యర్థి పరమయ్యాయి. అంటే ఆ పాలరాతి మెట్లు, పూతపోసిన గోడలు, రెండు వేల సీట్లు ప్రేక్షకుడి సౌఖ్యం కోసం ఎంతగా వెలిశాయో, పక్క వీధిలోని పోటీదారుణ్ణి కుంగదీయడానికీ అంతగా వెలిశాయి. 1952లో టెలివిజన్ ప్రసారాలు మొదలై, జనం కార్లు కొని శివార్లకు తరలిపోయాక, ఆ సీట్లను నింపే శక్తి ఏ సినిమాకూ లేకపోయింది. 1979లో టొరంటో ఈటన్ సెంటర్ అడుగున 18 చిన్న తెరలతో సినీప్లెక్స్ తెరిచినప్పుడు పాత హాలు లెక్క పూర్తిగా తలకిందులైంది. ఆ సినీప్లెక్స్ సైతం 2001లో మూతపడిందనుకోండి.

మిగలని వాటి జాబితా పెద్దదే. ఒట్టావాలో 2,500 మందికి పైగా పట్టే కాపిటల్ హాలు ఆ నగరానికి ప్రధాన కచేరీ వేదికగా కూడా ఉండేది. 1969లో జాతీయ కళాకేంద్రం ప్రారంభమైంది, మరుసటి ఏడాదే కాపిటల్ నేలమట్టమైంది. మాంట్రియల్ కాపిటల్ 1973లో పోయింది, హాలిఫాక్స్ కాపిటల్ 1974లో పోయింది. సాస్కటూన్‌లో 1929 నాటి కాపిటల్‌ను 1979 డిసెంబరులో కూల్చినప్పుడు మాత్రం ప్రజల ఆగ్రహం వృథా కాలేదు. ఆ మరుసటి ఏడాది సస్కాచెవాన్ రాష్ట్రం వారసత్వ ఆస్తుల చట్టం చేసింది. ఒక హాలు పోతే తప్ప చట్టం రాలేదని బాధపడాలో, కనీసం అప్పటికైనా వచ్చిందని సంతోషించాలో చెప్పడం కష్టం.

ఆ చట్టాల పరిమితిని కూడా గుర్తించాలి. కెనడాలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ చారిత్రక స్థలం అన్న హోదా ప్రధానంగా గౌరవ సూచకం. కూల్చివేతను అడ్డుకునే అధికారం రాష్ట్ర చట్టాల ద్వారా పురపాలక సంస్థల చేతిలో ఉంటుంది. ఒంటారియోలో 2005 వరకు ఆ అధికారం కూడా అరకొరే. యజమానిని కొంతకాలం ఆపగలిగేవారు తప్ప కూల్చివేతను శాశ్వతంగా నిరాకరించడం సాధ్యమయ్యేది కాదు. ఇటీవల 2022లో తెచ్చిన చట్టం వల్ల పురపాలక జాబితాలో పేరు మాత్రమే ఉండి పూర్తి రక్షణ హోదా లేని భవనాలు గడువులోగా ఆ హోదా పొందకపోతే జాబితా నుంచి తొలగిపోతాయి. తరువాత ఆ గడువును 2027 జనవరి దాకా పొడిగించారు. అంతకన్నా మౌలికమైన లోటు ఒకటుంది. ఈ చట్టాలు ఇటుకను, గచ్చును, ముఖద్వారాన్ని కాపాడతాయి గానీ లోపల ఏం జరగాలో నిర్దేశించవు. అందుకే 1949లో మొదలై 1986లో మూతపడిన టొరంటో యూనివర్సిటీ థియేటర్ ముఖభాగం ఒక నివాస భవనానికి ముందు గోడగా మిగిలింది. 1927 నాటి రన్నీమీడ్ హాలు ముందు పుస్తకాల దుకాణమై, ఇప్పుడు మందుల షాపుగా నడుస్తోంది. ఒకప్పుడు ప్రేక్షకులు తలెత్తి చూసిన అలంకరణ కింద ఇవాళ షాంపూ సీసాల వరుసలున్నాయి. ఖాళీగా కూలిపోవడం కన్నా ఇది మేలే, ఒప్పుకుంటాను.

పరిరక్షణకు ఎదురుపడే ప్రశ్నలన్నీ లాభాపేక్షకు సంబంధించినవే అనుకోవడం కూడా పొరపాటు. చక్రాల కుర్చీలో వచ్చే ప్రేక్షకులకు దారి ఏర్పాటు చేయాలని ఒంటారియో మానవ హక్కుల వ్యవస్థ ఆదేశించినప్పుడు, ఆ ఖర్చు భరించడం కన్నా టొరంటోలోని 1920 నాటి అప్‌టౌన్ హాలును మూసేయడమే మేలని యాజమాన్యం నిర్ణయించింది. 2003లో హాలు మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో కూల్చివేత సమయంలో భవనం పక్క బడి మీద కూలి ఒకరు మరణించారు. దివ్యాంగుల హక్కు వల్ల చారిత్రక హాలు పోయిందని అప్పట్లో వినిపించిన నింద నాకు ఏమాత్రం సమ్మతం కాదు. కొందరిని గుమ్మం బయటే నిలబెట్టే హాలు అందరి జ్ఞాపకం ఎలా అవుతుంది? ఆ మార్పులకు ప్రజాధనం ఎందుకు దొరకలేదన్నదే అడగాల్సిన మాట.

ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే చరిత్ర వేరేగా కనిపిస్తుంది. 1927 జనవరి 9న మాంట్రియల్‌లోని లారియర్ పాలెస్ హాలులో జరిగిన అగ్ని ప్రమాదంలో 78 మంది పిల్లలు చనిపోయారు. తరువాతి ఏడాది క్యుబెక్ ప్రభుత్వం పదహారేళ్ల లోపు పిల్లలకు సినిమా హాళ్లలో ప్రవేశాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1961 దాకా సాగింది. ఇటలీ శైలి అలంకరణ గురించి వివరించే ఫలకాలకు ఈ సంగతి అంత సులభంగా ఇమడదు గానీ, ఒక తరానికి పైగా క్యుబెక్ బాల్యం సినిమా హాలు గడప దాటకుండా గడిచిందన్నది ఏ గుమ్మటం కన్నా తక్కువ చరిత్ర కాదు.

వలస వచ్చినవారి హాళ్ల విషయంలో ఈ లోటు మరింత స్పష్టం. టొరంటో స్పడైనా వీధిలో 1920ల్లో యూదుల ఇడ్డిష్ భాషా నాటకాల కోసం కట్టిన స్టాండర్డ్ థియేటర్ తరువాత సినిమా హాలైంది, ఆపై మరో రకం వినోదశాలగా మారింది, చివరి దశలో చైనీస్ సినిమాలు ఆడించింది. వాంకూవర్ ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలోని పాత పాంటేజెస్ కూడా ఒక దశలో చైనీస్ ప్రేక్షకుల హాలుగా నడిచింది. 1908 నాటి ఆ భవనాన్ని 2011లో కూల్చేశారు. టొరంటో నడిబొడ్డుకు తూర్పున జెరార్డ్ స్ట్రీట్‌లో ఉన్న ఈస్ట్‌వుడ్ హాలు 1972లో నాజ్ థియేటర్‌గా మారింది. ఉత్తర అమెరికాలో పూర్తిగా దక్షిణాసియా సినిమాలకే కేటాయించిన మొదటి హాలుగా దానికి పేరు. సినిమాకు వచ్చినవారు ఆకలి తీర్చుకోవడానికి, చీరలు, పప్పులు, మసాలాలు కొనుక్కోవడానికి చుట్టూ దుకాణాలు వెలిశాయి. నేటి జెరార్డ్ ఇండియా బజార్ అలా పుట్టింది. ఇవాళ బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో మల్టీప్లెక్సులో తెలుగు సినిమా మొదటి ఆట చూసే కుటుంబాలకు ముందు తరం భారతీయులు దారి వేసుకున్నది అక్కడే. ఆ హాలులో పాలరాయి లేదు, బీచ్ ఆకులూ లేవు. శిల్ప విలువను మాత్రమే తూచే తక్కెడలో అది తేలిపోతుంది. ఒక బజారునే పుట్టించిన హాలుకు తూకం వేయడానికి మరో రాయి కావాలి.

సినిమాను వదలకుండానే నిలిచిన హాళ్లు కూడా ఉన్నాయి. గమనిస్తే అవి చాలావరకు చిన్నవి, అనేకం లాభాపేక్ష లేని సంఘాల చేతుల్లో ఉన్నవి. 1912 నాటి టొరంటో రెవ్యూ సినిమా 2006లో మూతపడితే, ఇరుగుపొరుగు వారు సంఘంగా ఏర్పడి 2007లో తిరిగి తెరిచారు. సాస్కటూన్‌లో బ్రాడ్‌వే థియేటర్ మూడు దశాబ్దాలుగా ప్రజల యాజమాన్యంలో నడుస్తోంది. ఎడ్మంటన్‌లో 1940 నాటి గార్నో హాలులో మెట్రో సినిమా సంఘం ప్రదర్శనలు ఇస్తోంది. వీటిలో ఏదీ ఆర్ఫియం అంత అందమైనది కాదు. కప్పు కారితే చందాలు పోగుచేసుకోవాలి, ప్రొజెక్టర్ మార్చాలంటే మళ్లీ జోలె పట్టాలి. అయినా శుక్రవారం సాయంత్రం టికెట్ చించి ఇచ్చే మనిషి, లైట్లు ఆరగానే హాలులో ఒక్కసారిగా అణిగే సద్దు అక్కడ ఇంకా ఉన్నాయి. ఆర్ఫియం కోసం ఒక్కసారిగా లక్షల డాలర్లు వెతికిన ప్రభుత్వాలు, ఇలాంటి హాళ్లకు ఏటేటా చిన్న మొత్తంలో నిర్వహణ ఖర్చు ఇవ్వడానికి ఒక పద్దు తెరవాలి. రక్షిత హోదా కోసం దరఖాస్తు పరిశీలించేటప్పుడు ఎవరు కట్టారన్న గడి పక్కనే, ఇక్కడికి ఎవరు వచ్చేవారు, ఏ భాషలో సినిమాలు చూసేవారు అన్న గడి కూడా చేర్చాలి. స్టాండర్డ్, నాజ్ వంటి హాళ్ల విషయంలో నింపడానికి అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఆ రెండో గడిలోనే.