వడ్డీకాసులవాడి బాటలో ఢిల్లీ

కేంద్ర ప్రభుత్వానికి దైవభక్తి చాలదని ఎవరైనా అంటే తిరుపతి వాళ్లం ఒప్పుకోం. పద్మావతమ్మతో పెళ్లికని శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం పొడుగునా వడ్డీ కడుతున్నాడు, ఆ వడ్డీ కోసం మనం హుండీ నింపుతున్నాం. ఢిల్లీ పెద్దలు నడుపుతున్నదీ అచ్చం ఈ పద్ధతే. 2025-26 బడ్జెట్‌లో వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు. పోయే ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీ. అంటే 15.69 లక్షల కోట్లు అప్పు తేవడం, 12.76 లక్షల కోట్లు వడ్డీ కట్టడం. దేశ రక్షణకు 8 పైసలు.

చిన్న తేడా ఉంది. స్వామికి ఆ అప్పు ఒక్క పెళ్లికే అయింది. ఢిల్లీలో ఏటా ఫిబ్రవరి 1న ముహూర్తం పెడతారు. పాత బాండు (ప్రభుత్వ అప్పు పత్రం) గడువు తీరితే కొత్త బాండు అమ్మి తీరుస్తారు.

మరి ఇక్కడ కుబేరుడెవరు? బాండ్లు ఎక్కువగా కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు, పీఎఫ్‌లు. అంటే మన డిపాజిట్లు, మన ప్రీమియాలు. మన డబ్బే అప్పు తీసుకుని, దాని వడ్డీ కట్టడానికి మన మీదే పన్ను వేసి, ఆ వడ్డీ తిరిగి మన చేతికొచ్చేటప్పుడు టీడీఎస్ పేరుతో ముందే పన్ను పట్టుకుంటారు. శ్రీనివాసుడికి ఈ ఉపాయం తట్టలేదు కాబట్టి కుబేరుడు బతికిపోయాడు.

ఇక సెస్సు, అంటే ఏదో ప్రత్యేక అవసరం పేరు చెప్పి వేసే అదనపు పన్ను, దాని మహత్యం. అలిపిరి దారిలో పెట్రోలు బంకు కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు. బుద్ధిగా మీటరు వంక చూస్తాం. ఆ మీటరులో కనపడనిది ఒకటుంది. 2025 ఏప్రిల్‌లో పెంచాక లీటరు పెట్రోలు మీద కేంద్రం సుంకం 21.90 రూపాయలైంది. అందులో రాష్ట్రాలకు పంచాల్సిన మూల సుంకం 1.40 మాత్రమే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం. వాటిలో రాష్ట్రాలకు వాటా అడిగే హక్కు లేదు. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే 15వ ఆర్థిక సంఘం 2025-26 దాకా పెట్టిన లెక్క ప్రకారం ఆ 1.40లో 41 శాతం అన్ని రాష్ట్రాలకూ కలిపి, అందులో మన ఆంధ్రప్రదేశ్ వంతు 4.047 శాతం. గుణిస్తే లీటరుకు రెండు పైసల పైచిలుకు. (రాష్ట్రం తన వ్యాట్ తాను విడిగా బాదుకుంటుంది లెండి, జాలిపడక్కర్లేదు.)

పావలా, అంతకన్నా చిన్న నాణేల చెలామణి 2011లోనే ఆపేశారు. మన రెండు పైసలను అమరావతికి ఏ రూపంలో పంపారో ఆర్థిక మంత్రే సెలవివ్వాలి.