తులాగి దీవికి ఈసీ తీయించగా

సెంటు స్థలం కొనాలన్నా ముప్పై ఏళ్ళ ఈసీ, అంటే ఆస్తి చేతులు మారిన తీరూ దాని మీది రుణాలూ చూపే పత్రం తీయించి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించి, అదీ చాలక వీధిపోటు ఉందేమో చూడమని సిద్ధాంతిని వెంటబెట్టుకెళ్ళే జాతి మనది. సామ్రాజ్యాలు నడిపేవాళ్ళకు ఈపాటి జాగ్రత్త లేదు. పసిఫిక్ మహాసముద్రంలో తులాగి అని ఒక దీవి ఉంది. నూట పాతికేళ్ళలో దాని మీద నాలుగు దేశాలవాళ్ళు మనసు పడ్డారు. ఒక్కరైనా ఈసీ తీయించిన పాపాన పోలేదు. లోకహితం కోరి ఆ పని నేనే ఉచితంగా చేశాను.

ముందుగా షెడ్యూలు ఆస్తి వివరం. సోలమన్ దీవుల దేశం, సెంట్రల్ ప్రావిన్స్, తులాగి గ్రామం. కాదు, తప్పు, ఆ ప్రావిన్స్‌కు రాజధాని తులాగి. పొడవు సుమారు 5.5 కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు. జనాభా వెయ్యి పైచిలుకు. అందులోనే ప్రావిన్స్ ప్రభుత్వాధినేత అయిన ఒక ప్రీమియర్, ఒక అసెంబ్లీ, కార్యాలయాలు, ఫైళ్ళు. హద్దులు: ఉత్తరాన కాస్త నీళ్ళు దాటితే న్గెలా దీవి. దక్షిణాన సముద్రం, దాని ఆవలి ఒడ్డున గ్వాడల్‌కెనాల్. ఆ మధ్య నీళ్ళకు ఐరన్ బాటమ్ సౌండ్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ మునిగిన ఓడలు లెక్కకు మిక్కిలి కావడంతో అడుగంతా ఇనుమేనని ఆ పేరు పెట్టారు. మన దగ్గర హద్దుకు రాళ్ళు పాతుతారు. అక్కడ యుద్ధనౌకలు పాతారు.

ఇక దోషాల సంగతి. స్థలానికి వీధిపోటు ఉన్నట్టు తులాగికి రేవుపోటు ఉంది. దీవి పక్కన నీళ్ళు లోతు, చుట్టూ ఉన్న దీవులు గాలికి అడ్డు. ఎంత పెద్ద ఓడైనా వచ్చి హాయిగా నిలబడుతుంది. వాస్తుశాస్త్రంలో దీనికి శాంతి చెప్పలేదు. రేవు ఇంత బాగున్న ఊరికి ముఖం తెలియని చుట్టాలు వస్తూనే ఉంటారు.

మొదటి లింకు డాక్యుమెంటు 1896 నాటిది. అంతకు మూడేళ్ళ ముందు బ్రిటన్ ఈ దీవులను తన రక్షణలోకి తీసుకుంది. ఎవరి నుంచి రక్షణ అని అడగడం మర్యాద కాదు. రెసిడెంట్ కమిషనర్‌గా చార్లెస్ మోరిస్ వుడ్‌ఫర్డ్ అనే ఆయన వచ్చారు. అంతకు మునుపు ఆయన ఈ దీవుల్లో సీతాకోకచిలుకలనూ పక్షులనూ పట్టి సేకరించిన ప్రకృతి పరిశోధకుడు. చూడగానే మంచి నమూనా ఏదో తెలిసిన చేయి. తులాగిని స్థానికుల దగ్గర కొని, ప్రభుత్వాన్ని అక్కడ పెట్టారు. ఆ తరువాత క్లబ్బు వచ్చింది, టెన్నిస్ వచ్చింది, క్రికెట్ వచ్చింది. కొండ అడ్డంగా ఉందని ఖైదీల చేత రాయి కొట్టించి మధ్యలోంచి దారి తీయించారు. ఆ కోత ఇప్పటికీ ఉంది. 46 ఏళ్ళ పాలనలో ఊరి మీద మిగిలిన గట్టి గుర్తు అదేనంటే, పరిపాలన అన్న మాటకు అర్థం రాతిలో చెక్కినట్టే కదా.

రెండో లావాదేవీకి కాగితం లేదు. 1942 మే 3న జపాన్ సైన్యం దిగింది. అప్పటికే బ్రిటిష్ అధికారులు ఇల్లు ఖాళీ చేశారు. మన చట్టంలో పరుల భూమిని పన్నెండేళ్ళు అడ్డూ ఆపూ లేకుండా అనుభవిస్తే హక్కు అడగడానికి దారి ఉంది. జపాన్‌కు దిగిన మర్నాడే అమెరికన్ విమానాల రూపంలో అడ్డు వచ్చింది. ఆగస్టు 7న మెరైన్లే దిగారు. రెండు రోజుల్లో దీవి చేతులు మారింది. కాపలా ఉన్న మూడు వందల మందికి పైగా జపాన్ సైనికుల్లో బతికి బయటపడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు కాబట్టి ముందుకు పోతున్నాను.

అమెరికా వారి అనుభవం కొద్ది కాలమే అయినా గొప్పగా సాగింది. రేవులో చిన్న టార్పెడో పడవల దళం పెట్టారు. 1943 ఏప్రిల్‌లో జాన్ ఎఫ్. కెనడీ అనే పాతికేళ్ళ కుర్రాడు పీటీ-109 అనే పడవను చేతికి తీసుకున్నది ఇక్కడే. ఆ పడవ ఆగస్టులో వేరేచోట జపాన్ ఓడ గుద్దుకొని రెండు ముక్కలైంది. కుర్రాడు తరవాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. తులాగి మాత్రం యుద్ధం అయ్యాక ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంది. గ్వాడల్‌కెనాల్‌లో అమెరికన్లు వదిలి వెళ్ళిన విమానాశ్రయం, రోడ్లు, గుండ్రటి రేకుల షెడ్లు బ్రిటిష్ వారికి నచ్చి, అక్కడి హొనియారాను రాజధాని చేశారు. అద్దెకున్నవాడు విడిచిపెట్టిన రేకులు చూసి రాజధానిని మార్చడం చరిత్రలో పొదుపుకు అరుదైన ఉదాహరణ.

1978లో స్వాతంత్ర్యం వచ్చింది. దేశానికి రాజధాని హొనియారాలోనే ఉండిపోయింది. ప్రావిన్సులు ఏర్పడ్డాక తులాగికి సెంట్రల్ ప్రావిన్స్ ముఖ్యపట్టణం హోదా దక్కింది. జిల్లా కలెక్టరుగా రిటైరైనవాణ్ణి వీధి సంఘానికి అధ్యక్షుణ్ణి చేసినట్టు. మధ్యలో జపాన్ మళ్ళీ వచ్చింది, ఈసారి తుపాకులు లేకుండా, టూనా చేపల కోసం. ప్రభుత్వంతో కలిసి 1970ల్లో డబ్బా చేపల కర్మాగారం నడిపి, తరువాత పని మొత్తం నోరో అనే మరో రేవుకు మార్చుకుంది. ఈసీలో దీన్ని చిల్లర పద్దు కింద వేశాను.

అసలు రుణభారం 2019 సెప్టెంబరులో కనిపిస్తుంది. ఆ నెలలో సోలమన్ దీవులు తైవాన్‌తో తెగతెంపులు చేసుకుని బీజింగ్‌తో చేయి కలిపాయి. కొద్ది రోజులకే ప్రావిన్స్ ప్రభుత్వం చైనా శామ్ ఎంటర్‌ప్రైజ్ గ్రూప్ అనే చైనా కంపెనీతో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది. తులాగి మొత్తం, చుట్టుపక్కలతో సహా, పొడిగించుకోగల 75 ఏళ్ళ కౌలుకు. చేపల కేంద్రం, చమురు, గ్యాస్ టెర్మినల్, విమానాశ్రయం అన్నీ అందులో ఉన్నాయి. మన పాత దస్తావేజులు రాసినవారు చూస్తే ముచ్చటపడేవారు: నిధి, నిక్షేప, జల, పాషాణాది అష్టభోగాలూ వచ్చేశాయి. 'పుత్ర పౌత్ర పారంపర్యంగా సుఖంగా అనుభవించగలవారు' అన్న వాక్యం ఒక్కటే తక్కువ. 75 ఏళ్ళంటే దాని అర్థమూ అదే.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు తాము కౌలుకు పోయిన సంగతి తరువాత తెలిసింది. మనకు కరెంటు కోత గురించి తెలిసే పద్ధతిలోనే.

అక్టోబరులో దేశపు అటార్నీ జనరల్ ఈ ఒప్పందం చెల్లదన్నారు. తన కార్యాలయానికి చూపించలేదట, విదేశీ పెట్టుబడిదారుగా కంపెనీకి నమోదూ లేదట. ప్రీమియర్ గారు ఇంకాస్త ముందుకు వెళ్ళి, పత్రం మీద అధికార ముద్ర లేదు కాబట్టి అది పూర్తయిన దస్తావేజు కాదని సెలవిచ్చారు. ఒక దీవి ఇలా ముద్ర లేక బతికి బయటపడింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చునే ఏ దస్తావేజు లేఖరి అయినా ఇది విని చెమ్మగిల్లిన కళ్ళతో తన స్టాంపు ప్యాడ్‌ను తడుముకుంటాడు.

అమెరికా రక్షణ మంత్రి ఆ నిర్ణయాన్ని హర్షించారు. సార్వభౌమత్వం ముఖ్యం అన్నారు. మంచి మాట. అమెరికా 1993లోనే హొనియారాలో తన రాయబార కార్యాలయాన్ని మూసేసింది. ఈ కౌలు గొడవ, ఆపైన 2022లో చైనాతో జరిగిన భద్రతా ఒప్పందం చూశాక, 2023 ఫిబ్రవరిలో మళ్ళీ తాళం తీసింది. ముప్పై ఏళ్ళు గుమ్మం తొక్కని చుట్టం, పక్కింటివాడు ప్రహరీ మీద చేయి వేశాడని తెలియగానే మామిడిపండ్ల బుట్టతో దిగినట్టు.

నా ఈసీ పూర్తయింది. దీవి మీద ప్రస్తుతానికి రుణాలు లేవు, రేవుపోటు అలాగే ఉంది. కింద ఇద్దరు సాక్షుల సంతకాలకు గడులున్నాయి. తులాగివాసులు ఇద్దరిని పిలుద్దామనిపించింది. కానీ ఈ వ్యవహారంలో స్థానికులను కాగితం దగ్గరికి పిలిచినట్టు నాకు కనిపించిన సందర్భం 1896 ఒక్కటే, అదీ అమ్మేవాళ్ళుగా. నూట పాతికేళ్ళ ఆనవాయితీని నేనెందుకు చెడగొట్టాలి? గడులు ఖాళీగానే వదిలి, మీద ముద్ర మాత్రం రెండుసార్లు గట్టిగా కొట్టాను.